ఇంట్లో ఎవరికి భయం?

భయం అనగానే మనకి చీకటి, పాము, జబ్బు, చావు గుర్తొస్తాయి. కానీ రోజులో ఎక్కువసార్లు మనల్ని పట్టి ఊపే భయం వీటిలో ఏదీ కాదని నా నమ్మకం. భార్య "ఒక మాట చెప్పనా?" అనగానే గుండెల్లో ఏదో బిగుసుకుంటుంది. కొడుకు "మీరెప్పుడూ ఇంతే నాన్నా" అంటే, వాడి మాట పూర్తికాకముందే మన నోట్లోంచి జవాబు దూకుతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని మనవాళ్ళు నవ్వుతారు. తడుముకునే ఆ చేతి వెనక ఉన్నది భయమే. దాన్ని నవ్వి వదిలెయ్యకూడదు. మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ముక్తసరి అయిపోయేదీ, తండ్రీకొడుకులు ఏళ్ళ తరబడి ఎడముఖం పెడముఖంగా ఉండిపోయేదీ చాలావరకు దానివల్లే.

ఈ భయం ఎలా పోతుందన్నదాని మీద ఇద్దరి మధ్య జరిగిన వాదన ఇది. ఒకరు తెనాలిలో హైస్కూలు తెలుగు మాస్టారుగా చేసి రిటైరైన పెద్దాయన. వీలైన ప్రతి పౌర్ణమికీ అరుణాచలం వెళ్ళి గిరిప్రదక్షిణ చేస్తారు, తెల్లవారుజామునే లేచి "నేనెవరు" అని తనని తానే అడుగుతూ ధ్యానంలో కూర్చుంటారు. రెండో మనిషి ఆయన మేనకోడలు. హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టు. ఒకరంటే ఒకరికి ప్రాణం. అందుకే మొహమాటానికి కూడా ఎవరూ తగ్గలేదు.

మామయ్య: నీ దగ్గరికొచ్చేవాళ్ళకి ఒక్కో భయానికి ఒక్కో ఉపాయం చెప్తావమ్మా. ఒకడికి స్టేజీ ఎక్కాలంటే భయం, ఇంకొకడికి లిఫ్ట్ ఎక్కాలంటే భయం. చెప్పు, మంచిదే. కానీ ఈ భయం పోతే ఇంకోటి వస్తుంది. భయపడేవాడు లోపల అలాగే ఉన్నాడు కదా! వాడెవడో చూడకుండా ఎన్ని ఉపాయాలు చెప్పి ఏం లాభం?

అమ్మాయి: ముందు భయపడేది ఒళ్ళు మామయ్యా, తత్త్వం తర్వాత. 1915లో వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీని మీదే పుస్తకం రాశాడు. భయం వేసినా కోపం వచ్చినా శరీరంలో జరిగేది దాదాపు ఒకటే అన్నాడు. అడ్రినలిన్ రక్తంలో కలుస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, కడుపులో అరుగుదల ఆగుతుంది, కండరాల్లోకి రక్తం పరుగెత్తుతుంది. ఎదురుతిరిగి కొట్టడానికో, పారిపోవడానికో ఒళ్ళు తయారవుతుంది. అత్తయ్య ఏదో చెప్పబోతే మీరు గొంతు పెంచుతారే, దాన్ని మీరు కోపం అనుకుంటారు. నాకది భయంలా కనిపిస్తుంది.

మామయ్య: మీ అత్తయ్యంటే నాకు భయమా!

అమ్మాయి: అత్తయ్యంటే కాదు, ఆవిడ చెప్పబోయే మాటంటే. మెదడులో అమిగ్డలా అని బాదంగింజ ఆకారంలో ఒక చిన్న భాగం ఉంటుంది. ప్రమాదం ఉందనిపిస్తే చాలు, బుద్ధి ఇంకా అందుకోకముందే అది ఒళ్ళంతటినీ లేపేస్తుంది. మీరు "నేనెవరు" అని అడిగేలోపు నోరు జవాబు చెప్పేసి ఉంటుంది. మీ సాధన చేరేసరికి ఇల్లు కాలిపోయి ఉంటుందని నా బాధ.

మామయ్య: ఆ ప్రశ్న అడిగిన పిల్లాడి కథ సరిగ్గా విన్నావా నువ్వు? 1896 జూలైలో మదురైలో, చిన్నాన్న ఇంట్లో మేడమీద గదిలో, వెంకటరామన్ అనే 16 ఏళ్ళ కుర్రాడు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. జ్వరం లేదు, జబ్బు లేదు. ఉన్నట్టుండి చచ్చిపోతున్నానన్న భయం కమ్మేసింది. డాక్టరు కోసం పరుగెత్తలేదు, కింద ఉన్న పెద్దవాళ్ళని కేకెయ్యలేదు. నేలమీద పడుకుని, కాళ్ళూ చేతులూ శవంలా బిగబెట్టి, పెదవులు మూసి, ఊపిరి బిగపట్టాడు. సరే, చావు వచ్చింది, చచ్చేదేమిటి, ఈ శరీరాన్ని తీసుకెళ్ళి కాల్చేస్తే నేను కూడా పోతానా అని చూశాడు. లోపల పోనిది ఒకటి తెలిసింది. ఆ భయం మళ్ళీ జన్మలో రాలేదని ఆయనే తర్వాత చెప్పారు. ఆ కుర్రాడే రమణ మహర్షి. నువ్వన్న ఒళ్ళు ఆయనకీ ఉంది కదమ్మా! గుండె ఆయనకీ దడదడలాడే ఉంటుంది.

అమ్మాయి: ఆ కథ నాకు చాలా ఇష్టం మామయ్యా, మీకంటే ఎక్కువే ఇష్టమేమో. ఎందుకంటే ఆయన ఆ క్షణంలో కొట్టలేదు, పారిపోలేదు. భయం ఏ రూపంలో వచ్చిందో ఆ రూపానికే ఎదురుగా పడుకున్నాడు. మేం చెయ్యమనేదీ అదే, కాకపోతే మెల్లగా, మెట్టుమెట్టుగా. కానీ మీరు ఆ కథని గాల్లోంచి ఊడిపడ్డట్టు చెప్తారు. 1892లో వాళ్ళ నాన్నగారు పోయారు. పిల్లాడికి అప్పుడు 12 ఏళ్ళు. ఇల్లు చెదిరి, అన్నతోపాటు చిన్నాన్న ఇంటికొచ్చాడు. చావు ఆ పిల్లాడికి పుస్తకంలో మాట కాదు. ఆ భయానికీ ఒక చరిత్ర ఉంది. దాన్ని చూడకుండా నేరుగా ఆత్మలోకి దూకమని అందరికీ చెప్తే, దూకలేనివాళ్ళు దూకినట్టు నటిస్తారు.

మామయ్య: నటన సంగతి ఎత్తావు కనుక ఆ కథలో తర్వాతి భాగం చెప్తాను. జనం దాన్ని పెద్దగా పట్టించుకోరు. ఆ అనుభవానికి ముందు ఎవరైనా తనమీద ఎక్కువ పని వేసినా, ఆటపట్టించినా ఆ కుర్రాడు ఊరుకునేవాడు కాదట, ఎదురుతిరిగేవాడట. తర్వాత ఎవరేం పని చెప్పినా, ఏమన్నా పడేవాడు. ఊరుకునేవాణ్ణి కానంటూ ఎగిరే అహం ఇప్పుడెక్కడా కనబడలేదని ఆయనే చెప్పుకున్నారు. ఆరు వారాల తర్వాత, ఆగస్టు 29న, బడిలో శిక్షగా ఇచ్చిన ఇంగ్లీషు వ్యాకరణం పాఠం రాస్తూ, మధ్యలో కాగితాలు పక్కన పడేసి కళ్ళు మూసుకున్నాడు. ఇలా కూర్చునేవాడికి ఈ చదువూ సంధ్యా ఎందుకని అన్న దెప్పాడు. నువ్వే చెప్పు, అన్న దెప్పితే ఏ పిల్లాడైనా ఏం చేస్తాడు?

అమ్మాయి: "నీకేం తెలుసు" అంటాడు.

మామయ్య: ఆయన "నిజమే కదా" అనుకున్నాడు. అంతే. తన మీద పడ్డ మాటలో నిజముందా లేదా అని మాత్రమే చూశాడు. తనని తాను కాచుకునే పని చెయ్యలేదు. చావుభయం పోయిందనడానికి నాకు ఆ మేడమీద గది కంటే ఇదే పెద్ద రుజువు.

(ఈ మాట దగ్గర నేను పెద్దాయన పక్షం. మహర్షి జీవితంలో గొప్ప అద్భుతాలుగా చెప్పుకునేవాటి కంటే, అన్న మాటకి రోషం రాకపోవడం నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ఎవరికివారు తమ ఇంట్లో ఇవాళే సరిచూసుకోగలిగిన కొలత అది.)

అమ్మాయి: నిజమే అనుకుని ఇల్లు వదిలి వెళ్ళిపోయారు కూడా. అమ్మకి చెప్పకుండా. రెండేళ్ళకి, 1898లో, ఆవిడ వెతుక్కుంటూ తిరువణ్ణామలై వెళ్ళి ఇంటికి రమ్మని ఏడిస్తే ఒక్క మాట పలకలేదు. ఇవాళ ఎవరైనా అలా చేస్తే నేను దాన్ని వైరాగ్యం అనను.

మామయ్య: అక్కడితో ఆపితే నువ్వన్నది ఒప్పుకోవచ్చు. కానీ ఆ తల్లి 1916లో వచ్చి కొడుకు దగ్గరే ఉండిపోయింది. 1922 మే 19న ఆవిడ పోయిన రోజు, ఒక చెయ్యి ఆవిడ గుండెమీద, ఒక చెయ్యి తలమీద పెట్టి గంటల తరబడి ఆయన పక్కనుంచి లేవలేదు. పారిపోయినవాడు అలా కూర్చోగలడా?

అమ్మాయి: కూర్చోలేడు. ఒప్పుకుంటున్నాను. నా పోట్లాట ఆయనతో కాదు మామయ్యా, ఆయన పేరు చెప్పుకుని దాక్కునేవాళ్ళతో. 1980ల్లో జాన్ వెల్వుడ్ అని ఒక మనస్తత్వవేత్త దీనికి పేరే పెట్టాడు. ఆయన ఆధ్యాత్మికతని తిట్టే మనిషి కాదు, టిబెటన్ బౌద్ధం సాధన చేసినవాడే. తోటి సాధకుల్లో ఒకటి గమనించాడు. పాత గాయాలు, తీరని బాధలు, చెప్పాల్సిన క్షమాపణలు, వీటన్నిటినీ దాటిపోయే అడ్డదారిగా ధ్యానాన్ని వాడుకుంటున్నారని. నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళు చెప్పేది కూడా వినండి. "మా ఆయన చాలా శాంతమండీ, ఏం చెప్పినా 'అంతా మాయ' అంటాడు" అంటారు. ఆ ఇంట్లో ఆవిడ బాధ కూడా మాయ కింద కొట్టుకుపోతుంది. కోపంతో అరిచేవాడితో కనీసం పోట్లాడొచ్చు. వేదాంతంతో గోడ కట్టుకున్నవాడితో ఏం చేస్తాం?

మామయ్య: వేదాంతం తెలియనివాళ్ళు అలా చేస్తారు.

అమ్మాయి: తెలిసినవాళ్ళే చేస్తారు. తెలియనివాళ్ళకి ఆ మాటలు ఎక్కడ దొరుకుతాయి?

మామయ్య: సరే, బుద్ధుడి మాటకి వద్దాం. అక్కడ మాయావాదం లేదు కనుక నీకు అభ్యంతరం ఉండదు. మజ్ఝిమ నికాయంలో నాలుగోది భయభేరవ సూత్రం. జ్ఞానోదయం కాకముందు తాను భయాన్ని ఎలా గెలిచాడో జానుస్సోణి అనే బ్రాహ్మణుడికి ఆయన చెప్తాడు. అష్టమి, చతుర్దశి, పక్షాంతపు రాత్రులు ఏరుకుని, జనం వణికిపోయే అడవి గుళ్ళ దగ్గర, చెట్ల కింద ఒంటరిగా గడిపేవాడట. జింక కదిలేది, నెమలి కొమ్మ విరిచేది, గాలికి ఆకులు గలగలలాడేవి. ఇదేనా వస్తున్న భయం అనుకునేవాడు. నడుస్తుండగా భయం వస్తే అది అణిగేదాకా నిలబడేవాడు కాదు, కూర్చునేవాడు కాదు, నడుస్తూనే ఉండేవాడు. కూర్చుని ఉండగా వస్తే లేచేవాడు కాదు. భయం తనని ఏ భంగిమలో పట్టుకుంటే అందులోనే దాన్ని అణచేవాడు. ఇంతకంటే నిక్కచ్చిగా ఏ సైకాలజీ చెప్పింది?

అమ్మాయి: ఏదీ చెప్పలేదు. కానీ మామయ్యా, ఆ సూత్రంలో సగం పైగా ఆ అడవి రాత్రులకి ముందే ఉంది. దాన్ని మీరెందుకు చెప్పరు? చేతలు, మాటలు, మనసు, బతుకుతెరువు శుభ్రంగా లేనివాడు అడవికి వెళ్తే, ఆ లోపాలే వాడికి భయం పుట్టిస్తాయన్నాడు. ఒక్కొక్కటీ పేరు పెట్టి అడిగాడు. ఇతరుల మీద ద్వేషం ఉందా, తనని తాను పొగుడుకుని ఇతరులని కించపరిచే అలవాటుందా, పేరు కోసం పాకులాట ఉందా అని. ఒక్కోదాన్నీ తనలో వెతికి, లేదని చూసుకున్నాక అడవిలో ఉండగలిగాడు. నెమలి చప్పుడుకి ఉలిక్కిపడకపోవడం తర్వాతి మాట. మనం ఆ మొదటి పేజీలు దాటేసి నేరుగా అడవిలోకి వెళ్తాం.

పెద్దాయన దీనికి వెంటనే బదులివ్వలేదు. నాకైతే ఆ అమ్మాయి మొత్తం వాదనలో బలమైన భాగం ఇదే. భయం పోవాలంటే ధైర్యం తెచ్చుకోవాలని మనకి చిన్నప్పటినుంచి నేర్పారు. నడవడికకీ భయానికీ లంకె ఉందని, ఎవరినైనా నొప్పించి ఆ సంగతి మనకి మనమే ఒప్పుకోనప్పుడు ఆ ఒప్పుకోనిదే లోపల చప్పుడు చేస్తుందని ఎవరూ నేర్పలేదు.

మామయ్య: ఒప్పుకున్నానమ్మా. కానీ నీ పద్ధతిలో నాకొక భయం కనిపిస్తోంది, చెప్పనా?

అమ్మాయి: చెప్పండి.

మామయ్య: నీ వయసువాళ్ళు ఒక కొత్త కోట కట్టుకున్నారు. అత్త ఒక మాటంటే ఆవిడ 'టాక్సిక్', స్నేహితుడు నిజం చెప్తే వాడు 'నెగెటివ్'. 'నా బౌండరీ' అని ఫోన్లు ఎత్తరు, నంబరు బ్లాక్ చేస్తారు. మా 'మాయ' ఎంత అడ్డుగోడో మీ 'బౌండరీ' అంత అడ్డుగోడ కాదా?

అమ్మాయి: అది వేరు. ఎన్నో ఏళ్ళు నోరెత్తలేనివాళ్ళకి ఆ మాటే దిక్కయింది. మీకు తెలియదు, మొగుడు చెయ్యి చేసుకుంటుంటే భరిస్తూ...

మామయ్య: ఆగు. కొట్టేవాడి సంగతి నేను అడగలేదు. నిజం చెప్పిన స్నేహితుడి సంగతి అడిగాను. నువ్వు వెంటనే అందరికంటే ఎక్కువ బాధపడ్డ మనిషిని తెచ్చి నా ముందు నిలబెట్టావు. ఎందుకు?

అమ్మాయి: ...మీరు నా వృత్తిని తప్పుపట్టారనిపించింది. మెడ దగ్గర వేడెక్కింది, ఇప్పుడు తెలుస్తోంది. సరే. మీరన్నది కూడా జరుగుతోంది. నా దగ్గర నేర్చుకున్న మాటల్నే కవచంగా వేసుకుని తిరిగేవాళ్ళున్నారు. కానీ కొట్టేవాడి సంగతి పక్కన పెట్టనివ్వను మామయ్యా. అది పక్కదారి కాదు. ఒంటిమీద దెబ్బలతో ఉన్న ఆడమనిషి భయం సరైన భయం. దాన్ని సాక్షిలా చూడమని, అహం అని, కర్మ అని చెప్పడం పాపం. ఆవిడకి కావలసింది మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోను, 2005 గృహహింస చట్టం, తలదాచుకోవడానికి ఒక చోటు. ప్రాణాన్ని కాపాడే భయం వేరు, మన గురించి మనం గీసుకున్న బొమ్మని కాపాడే భయం వేరు. సాధన రెండోదానికే.

మామయ్య: అందులో మనకి తేడా లేదు. ఎవరైనా గురువు ఆ అమ్మాయిని ఓర్చుకోమని చెప్తే వాడు గురువే కాదు. ఇక రెండోదాని సంగతి. ఆ బొమ్మ ఉన్నంతకాలం భయం పోదు, ఎందుకంటే బొమ్మని చూసేవాడు ఇంకొకడు కావాలి. బృహదారణ్యకంలో ఒక కథ ఉంది. మొదట ఆత్మ ఒక్కటే పురుషరూపంలో ఉందట. చుట్టూ చూసుకుంటే తానుకాక ఇంకేం కనబడలేదు. ఒంటరిగా ఉన్నందుకు భయపడింది. తర్వాత, నేను తప్ప ఇంకోటి లేనప్పుడు దేనికి భయం అని ఆలోచించింది. భయం పోయింది. భయం రెండోదాని నుంచే వస్తుంది. రెండోది లేదని తెలిస్తే కాచుకోవడానికి ఏం మిగిలింది?

అమ్మాయి: ఆ తర్వాతి వాక్యంలో ఏముంది మామయ్యా?

మామయ్య: తర్వాత సృష్టి.

అమ్మాయి: సృష్టికి ముందు ఒక మాట ఉంది. భయం పోయింది కానీ ఆ ఒంటరివాడికి ఆనందం లేదు. అందుకే రెండో మనిషిని కోరుకున్నాడు. మీరు నాకు చిన్నప్పుడు నేర్పినదే ఇది. భయం రెండోవాళ్ళ నుంచి వస్తుంది, నిజమే, సంతోషం కూడా రెండోవాళ్ళు లేకుండా లేదని అదే ఉపనిషత్తు అదే చోట చెప్తోంది. మీరు భయం దగ్గర ఆగిపోయారు. తెల్లవారుజామున నాలుగింటికి గదిలో ఎవరూ లేనప్పుడు మీకు భయం లేదు. ఉండదు కూడా. మీ అబ్బాయి ఎదురుగా ఉన్నప్పుడు ఏమైంది?

ఇక్కడ ఆ అబ్బాయి సంగతి చెప్పాలి. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. ఇంటర్‌లో అతన్ని ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చేర్చారు. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి దాకా క్లాసులు, వారం వారం పరీక్షలు. తెలుగు ఇళ్ళలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎన్నో ఏళ్ళ తర్వాత, ఒక సంక్రాంతి నాడు భోజనాల దగ్గర, ఆ అబ్బాయి నోరు తెరిచాడు. ఆ తర్వాత నుంచి తండ్రికి ఫోన్ చెయ్యడం తగ్గించి, ఈ మరదలితోనే మాట్లాడుతున్నాడు.

మామయ్య: ఏమైందో నీకు వాడు చెప్పే ఉంటాడు.

అమ్మాయి: మీరు చెప్పండి.

మామయ్య: "హాస్టల్ నుంచి ఏడుస్తూ ఫోన్ చేస్తే మీరు ఫోన్ పెట్టేశారు నాన్నా" అన్నాడు. ఆ ఫీజు కట్టడానికి నేను జీపీఎఫ్ లోను పెట్టాను రా అన్నాను. అది నిజమే కదమ్మా! అబద్ధం ఆడలేదు.

అమ్మాయి: నిజమే. వాడు అడిగిందానికి మాత్రం అది జవాబు కాదు. వాడు డబ్బు సంగతి ఎత్తలేదు. నేను ఏడిచాను, మీరు వినలేదు అన్నాడు. సరే, దాన్ని ఇప్పుడు తేల్చొద్దు. వాడు ఆ మాట అన్నప్పుడు మీ ఒంట్లో ఏం జరిగింది? అది మాత్రం చెప్పండి.

మామయ్య: ఒంట్లోనా? గొంతు ఎండిపోయింది. చెవులు వేడెక్కాయి. కంచంలో చెయ్యి ఆగిపోయింది. ఇంకా వినాలనిపించలేదు.

అమ్మాయి: దానికి పేరు పెట్టండి.

మామయ్య: పేరు పెట్టొద్దని కదా మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు జీవితమంతా చెప్పింది! భయాన్ని పేరుతో చూస్తే పాత జ్ఞాపకాలన్నీ వెంట వస్తాయని, వదిలించుకోవాలన్న కోరిక కూడా లేకుండా ఊరికే చూడమని.

అమ్మాయి: తెలుసు. ఆయన చెప్పింది అందుకోవాలంటే చాలా నిమ్మళం కావాలి. మా దగ్గర వేరే లెక్కుంది. 2007లో కాలిఫోర్నియాలో మాథ్యూ లీబర్‌మన్ అనే ఆయన బృందం, భయం, కోపం ఉన్న ముఖాల బొమ్మలు చూపిస్తూ మెదడు స్కానింగ్ తీసింది. ఆ భావానికి సరైన పేరు ఎంచుకున్నప్పుడు అమిగ్డలా ఉద్రేకం తగ్గింది, నుదుటి వెనక భాగం చురుకైంది. కృష్ణమూర్తిగారు తప్పని కాదు నేననేది. భోజనాల దగ్గర కొడుకు ఎదురుగా ఉన్నప్పుడు మనబోటివాళ్ళకి పేరు పెట్టడం అందుబాటులో ఉన్న పని. పెట్టండి.

మామయ్య: ...భయం.

అమ్మాయి: దేనికి?

మామయ్య: వాడు ఇంకా చెప్తాడని. చెప్తే... మంచి తండ్రిని కానని తేలిపోతుందని. ముప్ఫై ఏళ్ళు ఊళ్ళో పిల్లలందరికీ పాఠం చెప్పి, సొంత పిల్లాడి ఏడుపు వినలేదని.

అమ్మాయి: ఇప్పుడు మీ ప్రశ్న అడగండి మామయ్యా. మహర్షి ప్రశ్న. ఆ భోజనాల బల్ల దగ్గర ఎవరికి దెబ్బ తగిలింది?

మామయ్య: మంచి తండ్రికి.

అమ్మాయి: ఆయన మీరేనా?

మామయ్య: కాదు. ఆ మంచి తండ్రిని నేను తయారుచేసుకున్నాను. వాడి మాటకి చచ్చిపోయేది ఆయన. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, చెవులున్నాయి, వినొచ్చు. అమ్మాయ్, ఇన్నేళ్ళు ఆ ప్రశ్నని తెల్లవారుజామున అడిగాను. అప్పుడు నా మీద ఎవరూ నింద వెయ్యరు కదా, జవాబు సులభంగా వచ్చేది. అది అడగాల్సింది అక్కడ. ఆ కుర్రాడు మేడమీద పడుకున్నట్టు నేను ఆ కంచం ముందు ఉండిపోవాలి. లేవకుండా, లోను సంగతి ఎత్తకుండా.

అమ్మాయి: నేను ఇంతదాకా రాలేను మామయ్యా. ఒళ్ళు ఎక్కడ బిగుసుకుంటోందో చూపించగలను, ఊపిరి నెమ్మది చెయ్యమనగలను, పేరు పెట్టమనగలను. దెబ్బ తగిలేది మనకి కాదు, మనం గీసుకున్న బొమ్మకి అన్న ఎరుక నా మాన్యువల్స్‌లో ఇంత సూటిగా లేదు.

మామయ్య: అయితే నా మాట ఒప్పుకున్నట్టేనా?

అమ్మాయి: పూర్తిగా కాదు. బొమ్మ చచ్చిపోతే చాలంటారు మీరు. వాడి ఏడుపు మిగిలే ఉంది. మీకు లోపల శాంతి వచ్చినంత మాత్రాన వాడికి పదహారేళ్ళప్పుడు పెట్టేసిన ఫోను మళ్ళీ కలవదు. మీ భయం పోయిందని చూడటానికి మీ లోపల చూస్తే చాలదు. మీ చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూడాలి.

మామయ్య: అది మనవాళ్ళు చెప్పిందే. సన్యాసం పుచ్చుకునేవాడు ఆ రోజున సర్వభూతాలకీ అభయం ఇస్తాడు. నాకు భయం లేదని చాటుకోడు, నావల్ల ఎవరికీ భయం ఉండదని మాటిస్తాడు. అమరావతి శిల్పాల్లో నిలబడ్డ బుద్ధుడి కుడిచెయ్యి కూడా అలాగే కదా, అరచెయ్యి చూసేవాళ్ళ వైపే తెరిచి ఉంటుంది. గీతలో భక్తుడి లక్షణాలు చెప్పేటప్పుడు కూడా లోకం ఎవరివల్ల కలవరపడదో అన్నది ముందు వస్తుంది, లోకంవల్ల ఎవరు కలవరపడరో అన్నది తర్వాత.

అమ్మాయి: మరి మీ ఇంట్లో ఎవరికి భయం?

మామయ్య: ఎవరికీ లేదు. నేను చెయ్యెత్తిన రోజు లేదు.

అమ్మాయి: చెయ్యెత్తడం గురించి కాదు మామయ్యా. మీతో చెప్పాలనుకుని మింగేసే మాటలు ఎవరి దగ్గర ఉన్నాయి? వాడి దగ్గర ఒకటుంది, ఇన్నేళ్ళకి బయటపడింది. దానికి ఫలితం ఏమైందో చూశాక ఇంకోటి చెప్తాడా? ముందు వాడికి ఫోన్ చెయ్యండి. లోను మాట వద్దు. ఎందుకు హాస్టల్లో వేశారో కూడా వద్దు. "ఆ రోజు ఫోన్‌లో ఏం చెప్పాలనుకున్నావు రా?" అని అడగండి.

మామయ్య: వాడు అరిస్తే?

అమ్మాయి: అరవొచ్చు. మీ చెవులు మళ్ళీ వేడెక్కుతాయి. వేడెక్కాయని గమనించండి, ఫోన్ మాత్రం పెట్టెయ్యకండి.

మామయ్య: ఈ ఆదివారం చేస్తాను. అప్పటిదాకా ఈ ధైర్యం ఉంటుందో ఉండదో.

అమ్మాయి: అయితే ఆదివారం దాకా ఎందుకు? ఇంట్లో ఇంకొకరున్నారు. అత్తయ్య.

మామయ్య: మీ అత్తయ్యకి నాతో ఏం చెప్పాలని ఉంటుంది? అన్నీ చెప్తూనే ఉంటుంది. గ్యాస్ అయిపోయిందని, పాలవాడు రాలేదని.

అమ్మాయి: అవి కాదు. "నాతో చెప్పడానికి భయపడిన మాట ఏదైనా ఉందా?" అని ఇవాళ రాత్రి ఆవిడని అడగండి.

మామయ్య: అడిగితే చెప్తుందా?

అమ్మాయి: మొదటిసారి "ఏం లేదండీ" అంటుంది. దాన్ని జవాబు అనుకోకండి.